పొలాల మధ్య దీవి: స్కోక్‌లాండ్ ఎందుకు ఖాళీ అయింది, ఎందుకు మిగిలింది

నెదర్లాండ్స్‌లోని ఫ్లెవోలాండ్ ప్రావిన్సులో బంగాళదుంప, ఉల్లి, చక్కెరదుంప పొలాల నడుమ స్కోక్‌లాండ్ అనే దీవి ఉంది. ఇప్పటికీ దాన్ని దీవి అనే పిలుస్తారు గానీ చుట్టూ సముద్రం లేదు. దక్షిణం నుంచి ఉత్తరానికి సుమారు 4 కిలోమీటర్ల పొడవున, కొన్ని వందల మీటర్ల వెడల్పున సాగిన సన్నటి మెరక అది. అంచుల వెంట చెట్లు, ఒకప్పుడు అలల తాకిడికి అడ్డంగా పాతిన దుంగల వరస, రాతికట్ట ఆనవాళ్లు, మధ్యలో ఒక చిన్న చర్చి కనిపిస్తాయి. పక్కనే ట్రాక్టర్లు దున్నుతున్న నేల మీద 1942కు ముందు చేపల పడవలు తిరిగేవి.

ఈ మెరకను, దాని పరిసరాలను యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నెదర్లాండ్స్ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి స్థలం ఇదే. కిండర్‌డైక్ గాలిమరలకు ఆ గుర్తింపు 1997లో వచ్చింది. ఆమ్‌స్టర్‌డామ్ కాలువల వలయం 2010 దాకా ఆగాల్సి వచ్చింది. పర్యాటకులు ఫొటోలు తీసుకునే చోట్లన్నీ వెనకబడి, 1859లో ఖాళీ అయిపోయిన ఒక బీద జాలరి ఊరు ముందు వరసలో నిలవడం వింతగానే తోస్తుంది. చొచ్చుకొచ్చే నీటితో డచ్చివారు యుగాలుగా సాగించిన పోరాటానికి ఇది ప్రతీక అన్నది యునెస్కో చెప్పిన కారణం.

ఆ మాట అబద్ధం కాదు, కానీ సగమే నిజం. పోరాటం అనగానే ఒక పక్షం దాడి చేసిందని, రెండో పక్షం కాచుకుందని అనుకుంటాం. స్కోక్‌లాండ్ నేలలో దొరికిన ఆధారాలను కాలక్రమంలో పేర్చి చూస్తే పాత్రలు తారుమారవుతాయి. ఇక్కడ సముద్రం తనంతట తానుగా వచ్చి ఊరిని మింగలేదు. సాగు కోసం మనుషులు నేలలోని నీటిని బయటికి పంపారు, నీరు పోయిన నేల కుంగింది, కుంగిన నేల మీదికి సముద్రం వచ్చింది. 20వ శతాబ్దంలో మళ్లీ అదే పని ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. ఈసారి దాని దెబ్బ పడుతున్నది ఊరి అవశేషాల మీద.

నేల కింద ఏముంది

మంచుయుగంలో ఉత్తరం నుంచి జరిగి వచ్చిన హిమానీనదాలు ఈ ప్రాంతంలో బండరాళ్లు కలిసిన గట్టి బంకమట్టిని వదిలి వెళ్లాయి. దాని మీద ఇసుక మేటలు పడ్డాయి. అప్పటికి సముద్రం చాలా దూరం. ఇసుక దిబ్బల మీద వేటగాళ్లు మకాం వేసేవారు. ఆ తర్వాత, స్విఫ్టర్‌బాంట్ సంస్కృతి అని పురావస్తు శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన కాలంలో, వాగుల పక్కనున్న మెరకల మీద వేట, చేపలు పట్టడం, పశుపోషణ, కాస్త సాగు కలిపి చేసుకునే జనం స్థిరపడ్డారు. స్కోక్‌లాండ్ పక్కన బయటపడిన అలాంటి ఒక స్థలానికి శాస్త్ర గ్రంథాల్లో ఉన్న పేరు ‘పి14’. అది ఏ దేవుడి పేరో, రాజు పేరో కాదు. సముద్రాన్ని ఎండగట్టాక ప్రభుత్వం గీసిన పొలాల పటంలో ఆ చేను నంబరు. అక్కడ సమాధులు, మట్టికుండల పెంకులు, ఇసుకలో మడక గీసిన చాళ్ల జాడలు దొరికాయి. వేల ఏళ్ల కిందట ఎవరో దున్నిన చాలు రంగు తేడాగా ఇసుకలో అలాగే నిలిచిపోయింది.

కాలక్రమేణా సముద్ర మట్టం పెరిగింది. దానితోపాటు భూగర్భ నీటి మట్టమూ పైకి వచ్చింది. మెరకలు చిత్తడి అయ్యాయి. ఆ చిత్తడిలో పెరిగి చచ్చిన రెల్లు, నాచు, పొదలు గాలి తగలక పూర్తిగా కుళ్లకుండా పొర మీద పొరగా పేరుకున్నాయి. ఇలా తయారయ్యే నల్లటి మెత్తటి నేలను పీట్ అంటారు. దాని బరువులో ఎక్కువ భాగం నీరే. ఆ పొరల కింద పాత మకాములు, సమాధులు, చాళ్లు కప్పబడిపోయాయి. కప్పబడిపోయాయి కాబట్టే మిగిలాయి.

పీట్ నేల చూడటానికి చదునుగా, సారవంతంగా ఉంటుంది. కానీ దాని మీద ధాన్యం పండాలంటే ముందు నీరు పోవాలి. సుమారు 10వ శతాబ్దం నుంచి ఈ ప్రాంతంలో రైతులు బోదెలు తవ్వి నీటిని వాగుల్లోకి మళ్లించడం మొదలుపెట్టారు. అప్పట్లో పీట్ నేల మట్టం చుట్టూ ఉన్న నీటికంటే ఎత్తుగా ఉండేది కాబట్టి పంపులు, గాలిమరలు లేకుండానే నీరు దానంతట అదే పారిపోయేది. ఇంత సులువైన వ్యవసాయ భూమి మరోచోట దొరకదు. నెదర్లాండ్స్ పశ్చిమ, మధ్య ప్రాంతాలు చాలావరకు ఇలాగే సాగులోకి వచ్చాయి.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. నీటి ఊతం పోగానే పీట్ తన బరువుకు తానే అణిగిపోతుంది. ఎండిన పై పొర ముడుచుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇన్నాళ్లూ నీటిలో మునిగి ఉన్న మొక్కల పదార్థానికి గాలి సోకి అది కుళ్లడం మొదలై, బొగ్గుపులుసు వాయువుగా మారి పోతుంది. అణగడం, ముడుచుకోవడం కొన్నాళ్లకు నెమ్మదిస్తాయి. కుళ్లడం మాత్రం పీట్ మిగిలి ఉన్నంతకాలం ఆగదు. నేల అక్షరాలా గాలిలో కలిసిపోతుందన్నమాట. కుంగిన కొద్దీ బోదెలు ఇంకా లోతు చేయాలి, లోతు చేసిన కొద్దీ ఇంకా కుంగుతుంది. తాతల నాడు గోధుమ, బార్లీ పండిన చేను మనవళ్ల నాటికి పశువుల మేతకు తప్ప పనికిరాకుండా పోతుంది. వాళ్ల మనవళ్ల నాటికి తుపాను రాత్రి ఉప్పునీటి కింద ఉంటుంది.

రోమన్లు ఈ ప్రాంతంలోని మంచినీటి సరస్సును ఫ్లెవో అన్నారు. ఇప్పటి ప్రావిన్సు పేరు అక్కడి నుంచే తీసుకున్నారు. మధ్యయుగాల్లో అది ఆల్మెరె అనే పెద్ద సరస్సు అయింది. 1170, 1287 సంవత్సరాల్లో వచ్చిన మహా ఉప్పెనలు ఉత్తర సముద్రానికి దానికి మధ్య ఉన్న నేలను కోసేశాయి. సరస్సు కాస్తా జైడర్ జీ అనే లోపలి సముద్రమైంది. ఆ ఉప్పెనలను అసాధారణ విపత్తులుగా చరిత్ర రాసుకుంది. అలాంటి తుపాన్లు అంతకుముందూ వచ్చాయి. ఈసారి వాటి దారిలో ఉన్న నేల కొన్ని తరాల బోదెల వల్ల అప్పటికే కిందికి దిగి ఉంది. 15వ శతాబ్దం నాటికి స్కోక్‌లాండ్ నాలుగు వైపులా నీరున్న దీవి అయింది. తూర్పు, పడమరల్లో ఉన్న ఊళ్ల పొలాలు అలల కింద కొట్టుకుపోయాయి.

దిబ్బల మీద రెండు ఊళ్లు

మిగిలిన జనం దిబ్బలు వేసుకున్నారు. బంకమట్టి, పేడ, చెత్త, గడ్డి పెళ్లలు తట్టలతో మోసి పోసి ఎత్తు చేసుకుని వాటి మీద ఇళ్లు కట్టుకున్నారు. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్, గ్రోనింగెన్ తీరాల్లో ఈ పద్ధతి క్రీస్తుపూర్వం 500 ప్రాంతం నుంచే ఉంది. మన పల్లెల పక్కన కనిపించే పాటిదిబ్బలు ఊరు పాడుబడ్డాక మిగిలినవి. స్కోక్‌లాండ్ దిబ్బలు ఊరు పాడుబడకుండా వేసుకున్నవి. పాత ఎమ్మెలోర్డ్, మిడెల్‌బ్యూర్ట్, జైడెర్ట్ దిబ్బలు, దక్షిణ కొసన ఉన్న పాత చర్చి దిబ్బ ఇప్పటికీ గుర్తుపట్టేలా ఉన్నాయి. చివరి రోజుల్లో జనం బతికింది మొదటి మూడింటి మీద. దక్షిణ కొసన ఉన్న చర్చిని కాపాడుకోలేక వదిలేశారు. దాని పునాది గోడలు మాత్రం మిగిలాయి.

దీవి ఒకటే అయినా ఊళ్లు రెండు. ఉత్తరాన ఎమ్మెలోర్డ్ జనం కాథలిక్కులు. దక్షిణాన మిడెల్‌బ్యూర్ట్, జైడెర్ట్ దిబ్బలు కలిసిన ఎన్స్ జనం ప్రొటెస్టెంట్లు. అధికారులు వేరు, పన్నులు వేరు, శ్మశానాలు వేరు. ఎన్స్ ఓవరైసెల్ ప్రావిన్సు ఏలుబడిలో ఉండేది. ఎమ్మెలోర్డ్‌ను మాత్రం 1660లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం పొరుగు దీవి ఉర్క్‌తో కలిపి కొనేసింది. ఒక మహానగరానికి ఈ బురద దీవులతో ఏం పని? అప్పట్లో ఆమ్‌స్టర్‌డామ్ రేవు నుంచి సముద్రంలోకి వెళ్లాలంటే జైడర్ జీ మీదుగానే వెళ్లాలి. ఆ లోతు తక్కువ నీటిలో ఇసుక మేటలు ఎక్కువ. రాత్రివేళ దారి చూపే దీపాలు, గాలివాన వేళ ఆశ్రయం ఎవరో ఒకరు చూసుకోవాలి. మచిలీపట్నం, పులికాట్ రేవులకు అద్దకం బట్టల కోసం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చిన వలందుల (డచ్చివారి) ఓడల ప్రయాణమూ ఈ జైడర్ జీ నీటిలోనే మొదలయ్యేది. ఆ వ్యాపారంలో వచ్చిన లాభాల్లో దీవి వాసులకు దక్కింది చాలా స్వల్పం.

దిబ్బల మధ్య నేల ఏటా అరిగిపోయేది. అది ఎప్పుడూ చిత్తడే కాబట్టి ఒక దిబ్బ నుంచి మరో దిబ్బకు వెళ్లడానికి గుంజల మీద పరిచిన ఇరుకైన చెక్కల బాట ఒక్కటే దారి. ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు ఒకరినొకరు పట్టుకుని సగం చుట్టు తిరిగి దాటుకునేవారని చెబుతారు. మతం వేరైన ఇద్దరికి అలా తారసపడ్డప్పుడు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. సాగు ఏనాడో పోయింది. మగవాళ్లు చేపల వేటకు, సరుకు పడవల మీదికి వెళ్లేవారు. చలికాలంలో జైడర్ జీ గడ్డకడితే పడవ కదలదు, పూట గడవదు.

దీవిని కాయడం ఖర్చుతో కూడిన పని. నీటి అంచున దుంగలు పాతి అలలను ఆపాలి. 1730లలో ఓడపురుగు అనే సముద్ర జీవి డచ్ కరకట్టల కలపను జల్లెడ చేసేసింది. ఆ దెబ్బకు దేశమంతటా కట్టలకు రాయి వాడక తప్పలేదు. రాళ్లు అరుదుగా దొరికే దేశం కనుక ఎక్కువగా ఓడల మీద తెప్పించాలి. స్కోక్‌లాండ్‌లో ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదానిపై ఎడతెగని తగవులు నడిచాయి. అది దీవి వాసుల తాహతుకు మించిన ఖర్చు అన్న విషయంలో మాత్రం ఎవరికీ సందేహం లేదు.

1825 నుంచి 1859 దాకా

1825 ఫిబ్రవరి మొదటి వారంలో వచ్చిన ఉప్పెన జైడర్ జీ తీరమంతటినీ ముంచింది. ఒక్క ఓవరైసెల్ ప్రావిన్సులోనే 300 మందికి పైగా చనిపోయారు. స్కోక్‌లాండ్‌లో 13 మంది మునిగిపోయారు. ఇళ్లు కూలిపోయాయి, మిడెల్‌బ్యూర్ట్ చర్చి పాడైంది. దాని స్థానంలో 1834లో ప్రభుత్వ నీటిపారుదల శాఖ పర్యవేక్షణలో కట్టిన చర్చి ఇప్పటికీ నిలిచి ఉంది. ఊరు ఉంటుందన్న నమ్మకం ఆనాటి ప్రభుత్వానికి ఉందనడానికి ఆ కట్టడమే సాక్ష్యం. నమ్మకం లేనివారు చర్చి కట్టరు.

పాతికేళ్లలో ఆ నమ్మకం పోయింది. చేపలు పట్టి బతకలేకపోతున్న జనానికి పని చూపించాలని దీవిలో నూలు బట్టల నేత పెట్టించారు. కూలి తక్కువ, పని నిలకడ లేదు. దేశం నలుమూలల నుంచి చందాలు వసూలు చేసి పంపేవారు. జనాభా మాత్రం తగ్గలేదు. సుమారు 650 మంది, అరిగిపోతున్న మూడు దిబ్బల మీద, ఒకదాన్నొకటి ఒరుసుకునే చెక్క ఇళ్లలో బతికేవారు. దీవి రక్షణకు, పేదల సాయానికి ఏటా పెట్టే ఖర్చుకంటే జనాన్ని ఒక్కసారి పరిహారం ఇచ్చి పంపేస్తే చౌక అన్న లెక్కకు ప్రభుత్వం వచ్చింది. 1858 చివర్లో చట్టం చేశారు. రాజు మూడవ విలియం పాలనలో, 1859 వేసవి కల్లా దీవి ఖాళీ కావాలన్నారు. 1859 జూలైలో స్కోక్‌లాండ్ మునిసిపాలిటీని రద్దు చేసి ఆ భూభాగాన్ని కాంపెన్ పట్టణానికి కలిపేశారు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే తర్వాతి కాలం చెప్పుకున్న కథ ఇక్కడే దారి తప్పింది. సముద్రానికి ఓడిపోయి జనం దీవిని వదిలారన్నది ఆ కథ. ఓడిపోయినవారు సాధారణంగా స్థలాన్ని శత్రువుకు వదిలేస్తారు. ప్రభుత్వం స్కోక్‌లాండ్‌ను అలలకు వదలలేదు. జనం వెళ్లిపోయాక కూడా దుంగల కట్టలను, రాతికట్టను 80 ఏళ్లపాటు మరమ్మతు చేస్తూ వచ్చింది. దీవి లేకపోతే తుపాను అలలు నేరుగా ఓవరైసెల్ కరకట్టలను తాకుతాయి. అంటే అది అలలను విరిచే అడ్డుగోడగా పనికొస్తుంది. దక్షిణ కొసన దీపస్తంభం కాపరి, ఎమ్మెలోర్డ్ రేవులో రేవు అధికారి కుటుంబాలు ఉండిపోయాయి. తుపాను వేళ పడవలు ఆ రేవులోనే తలదాచుకునేవి. 1921లో అక్కడ మంచు పొగ కమ్మినప్పుడు మోగించే హారన్ కోసం కొత్త గది కట్టారు. కాబట్టి దీవిని కాపాడటం సాధ్యమే, అవసరమే అని ప్రభుత్వానికి తెలుసు. కాపాడలేమని అనుకున్నది దాని మీద ఉన్న పేదరికాన్ని.

వెళ్లేవారు మళ్లీ తిరిగి రాకుండా ఇళ్లన్నీ పడగొట్టించారు. కలప, తలుపులు, ఇటుకలు పడవల్లో వేసుకుని ఎవరి దారిన వారు వెళ్లారు. ఎక్కువ మంది ఎదురుగా ఉన్న కాంపెన్‌లో బ్రునెపె పేటకు చేరారు. కొందరు వోలెన్‌హోవెకు వెళ్లారు. కాథలిక్కుల్లో పలువురు జైడర్ జీ అవతలి ఒడ్డున తమ మతస్తులే ఉన్న వోలెండామ్‌కు వలస పోయారు. ఊరికి ఊరు ఒకచోట స్థిరపడలేదు. మతం చీలిక వలసలోనూ కొంత కనిపించింది. పునరావాసం అంటే నేడు మనం అర్థం చేసుకునే ఇళ్ల స్థలాలు, ఉపాధి హామీ వంటివి అప్పట్లో లేవు. చేతిలో కొంత డబ్బు పెట్టడంతో ప్రభుత్వ బాధ్యత తీరింది.

ఉర్క్ ఎందుకు నిలిచింది

పొరుగు దీవి ఉర్క్‌ను పక్కన పెట్టి చూస్తే స్కోక్‌లాండ్ కథ మరింత స్పష్టమవుతుంది. రెండూ ఒకే సముద్రంలో, ఒకే తుపాన్ల దారిలో ఉన్నాయి. ఆమ్‌స్టర్‌డామ్ కూడా రెంటినీ ఒకేసారి కొంది. ఉర్క్ నేటికీ 20 వేలకు పైగా జనాభాతో, దేశంలోనే పేరున్న చేపల రేవుగా, తన సొంత మాండలికంతో కళకళలాడుతోంది. తేడా మనుషుల తెగువలో లేదు, కాళ్ల కింద నేలలో ఉంది. ఉర్క్ ఊరు హిమానీనదాలు వదిలిన గట్టి బంకమట్టి గుట్ట మీద ఉంది. దాన్ని ఎంత దున్నినా కుంగదు. అక్కడ అలలు అంచును కోశాయే గానీ నడుమ భాగం ఎత్తుగానే నిలిచింది. స్కోక్‌లాండ్ పీట్ మీద పలచటి బంకమట్టి పొర. ‘నీటితో వీరోచిత పోరాటం’ అనే మాట వాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. రెండు దీవుల వాళ్లూ సమానంగానే పోరాడారు.

సముద్రం వెళ్లిపోయింది

జైడర్ జీని ఉత్తర సముద్రం నుంచి వేరు చేయాలన్న పథకాన్ని ఇంజనీరు కోర్నెలిస్ లెలీ 1891లో రూపొందించాడు. 1916 జనవరి ఉప్పెన, మొదటి ప్రపంచ యుద్ధ కాలపు ఆహార కొరత దానికి ఊపునిచ్చాయి. 1918లో చట్టమైంది. 32 కిలోమీటర్ల ఆఫ్‌స్లైట్‌డైక్ కట్ట 1932 మే 28న మూసుకుంది. ఉప్పు సముద్రం నెమ్మదిగా మంచినీటి సరస్సుగా మారింది. ఆ సరస్సులో ఒక మూలను కట్టతో చుట్టి, పంపులతో తోడి, 1942 సెప్టెంబరు నాటికి సుమారు 48,000 హెక్టార్ల నేలను బయటికి తెచ్చారు. అదే నోర్డ్‌ఓస్ట్‌పోల్డర్. కట్ట కట్టి నీరు తోడి బయటికి తెచ్చిన ఇలాంటి నేలను పోల్డర్ అంటారు. ఉర్క్ దాని అంచున చేరింది. స్కోక్‌లాండ్ నడుమ చిక్కింది.

కొత్త నేలను ప్రభుత్వం ఒక ప్రణాళిక ప్రకారం పంచింది. మధ్యలో ఒక పట్టణం, చుట్టూ వలయంలా పల్లెలు, సూటిగా గీసిన రోడ్లు, కొలత తప్పని చేలు. రైతు కుటుంబాలను దరఖాస్తులు తీసుకుని, పరీక్షించి, ఏరి మరీ ఎంపిక చేశారు. మధ్యలోని పట్టణానికి ఎమ్మెలోర్డ్ అనే పేరు, ఒక పల్లెకు ఎన్స్ అనే పేరు పెట్టారు. పాత ఊళ్ల పేర్లు అలా కొత్త జనానికి దక్కాయి. దీవి నుంచి వెళ్లినవారి మనవలు, మునిమనవలు అప్పటికి కాంపెన్‌లో, వోలెండామ్‌లో మూడో నాలుగో తరంగా బతుకుతున్నారు.

నీరు దిగగానే కాలువలు తవ్వుతున్న కూలీలకు ఓడల చెక్కలు, ఎముకలు, రాతి పనిముట్లు తగలడం మొదలైంది. పీటర్ మోడర్‌మాన్, ఆయన తర్వాత గెరిట్ వాన్ డెర్ హైడె ఆ స్థలాలను పరిశీలించి, పటాల్లో గుర్తించారు. ఎండగట్టిన జైడర్ జీ నేలల్లో ఇప్పటివరకు 400కు పైగా ఓడల శిథిలాలు బయటపడ్డాయి. ప్రపంచంలో ఇంత పెద్ద ఓడల శ్మశానం నేల మీద మరెక్కడా లేదన్నా అతిశయోక్తి కాదు. మిడెల్‌బ్యూర్ట్ చర్చిలో, దాని పక్కన తర్వాత కట్టిన చెక్క ఇళ్లలో ఇప్పుడు మ్యూజియం ఉంది. ఆ ఇళ్లు పాతకాలం నాటివని పర్యాటకులు అనుకుంటారు. అవి జైడర్ జీ ఊళ్ల తీరులో కట్టిన కొత్త ఇళ్లు. అసలువి 1859లోనే పడగొట్టేశారు.

పురావస్తు శాస్త్రం ఇక్కడ ఒక చేదు జ్ఞాపకాన్నీ మిగిల్చింది. శ్మశానంలోని దీవి వాసుల అస్థికలను 1940ల ప్రాంతంలో శాస్త్ర పరీక్షల కోసం తవ్వి తీసుకుపోయారు. వంశీకులకు ఆ సంగతి మింగుడుపడలేదు. వారు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత ఆ అస్థికలు తిరిగి దీవికి వచ్చి పాత చర్చి దగ్గర మట్టిలో కలిశాయి. వారసత్వ స్థలాల పటాల్లో దిబ్బలకు, ఓడలకు గుర్తులు ఉంటాయి. ఎవరి తాతలు ఎక్కడ పడుకున్నారన్నది వంశీకులు గుర్తు చేస్తే తప్ప ఆ పటంలోకి ఎక్కలేదు.

తడి ఉంటేనే చరిత్ర

స్కోక్‌లాండ్ చుట్టూ ఉన్న పొలాల్లో నీటి మట్టాన్ని పంపులు నిరంతరం తగ్గిస్తూ ఉంటాయి. లేకపోతే దుంప పంట కుళ్లిపోతుంది. దీవి కింది పీట్‌లోని నీరూ పక్కలకు ఊరి ఆ కాలువల్లోకి పోతుంది. అంటే 10వ శతాబ్దపు బోదెలు చేసిన పనినే ఇప్పుడు విద్యుత్ పంపులు చేస్తున్నాయి. చుట్టుపక్కల నేల మీద మీటర్ల ఎత్తున కనిపించాల్సిన దీవి ఏటికేడు కుంగుతూ పొలాల మట్టానికి దగ్గరవుతోంది. చూసేవారి కంటికి అది దీవి అని తెలియడమే వారసత్వంలో సగం. ఆ సగం కరిగిపోతోంది.

మిగతా సగం నేల కింద ఉంది. కలప, తోలు, ఎముక, గింజలు, చేపల పొలుసులు వేల ఏళ్లు నిలవాలంటే వాటికి గాలి తగలకూడదు. నీటి మట్టం కింద ప్రాణవాయువు ఉండదు కాబట్టి కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు పని ఉండదు. నీటి మట్టం ఒక్కసారి ఆ పొర కిందికి దిగితే కొన్ని దశాబ్దాల్లో అంతా మట్టి అవుతుంది. పైనుంచి నాగలి మరో వైపు పనిచేస్తుంది. నేల కుంగిన కొద్దీ అదే లోతున దున్నే నాగలి ఏటా ఇంకాస్త పాత పొరను గీరుకుంటూ పోతుంది. పి14 లాంటి చోట్ల ఈ రెండు ప్రమాదాలూ ఒకేసారి వచ్చిపడ్డాయి.

2000ల ఆరంభంలో ఇందుకు తీసుకున్న చర్య డచ్చివారి అలవాటుకు పూర్తిగా ఎదురు. దీవి పక్కనున్న కొన్ని పొలాలను దున్నకుండా పచ్చిక బయళ్లుగా మార్చి, వాటిలో నీటి మట్టాన్ని కావాలనే పెంచారు. చుట్టూ చిన్న కట్టలు వేసి, నీరు నిలిచేలా తూములు సరిచేశారు. ఫ్లెవోలాండ్‌లోని ప్రకృతి పరిరక్షణ సంస్థ దాన్ని చూసుకుంటోంది. ఇప్పుడక్కడ నీటి పక్షులు చేరతాయి, పశువులు మేస్తాయి, వాటి కింద పాత మకాములు తడిలో భద్రంగా ఉంటాయి. ఆ ప్రావిన్సులోని కొన్ని ఓడల శిథిలాలకూ ఇదే వైద్యం. వాటిని తవ్వి బయటపెట్టకుండా, ప్లాస్టిక్ తొడుగు చుట్టి, మళ్లీ మట్టి కప్పి, లోపల తడి నిలిచేలా చేశారు. దారిన పోయేవారికి పొలం మధ్య చిన్న ఉబ్బు, పక్కన నీలి రంగు గుంజ కొనన చిన్న ఓడ బొమ్మ తప్ప ఏమీ కనిపించదు. చూడటానికి ఏమీ లేని వారసత్వ స్థలం పర్యాటక శాఖలకు తలనొప్పే. కానీ చూపించడానికి బయటికి తీసిన రోజు నుంచే అది నశించడం మొదలుపెడుతుంది.

ఒకే పోల్డర్‌లో రెండు నీటి మట్టాలు నిలబెట్టడం సులువు కాదు. పక్క చేను రైతుకు పొడి నేల కావాలి, స్కోక్‌లాండ్‌కు తడి కావాలి. వానలు లేని వేసవిలో తడిని నిలపడానికి నీరు బయటి నుంచి తేవాలి. ఈ తగవు ఇప్పుడు స్కోక్‌లాండ్ దాటిపోయింది. పశ్చిమ నెదర్లాండ్స్‌లో పాలకు పేరుపడ్డ పచ్చిక బయళ్లు కూడా పీట్ మీదే ఉన్నాయి. అవీ వెయ్యేళ్లుగా కుంగుతూనే ఉన్నాయి. అక్కడి పాత ఇళ్ల కింద చెక్క పునాది గుంజలు నీటి మట్టం దిగితే కుళ్లిపోతాయి. కుళ్లే పీట్ నుంచి వెలువడే బొగ్గుపులుసు వాయువు లెక్క దేశ వాతావరణ ఖాతాలోకి వస్తుంది. 2019 వాతావరణ ఒప్పందంలో ఆ ఉద్గారాలను 2030 నాటికి ఏటా 10 లక్షల టన్నుల మేర తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నారు. అందుకు ముఖ్యమైన మార్గం నీటి మట్టాలు పెంచడం. తడి నేల మీద బరువైన ట్రాక్టరు దిగబడుతుంది, ఆవులు తిరిగితే గడ్డి బురదవుతుంది, రాబడి పడిపోతుంది. ఆ నష్టానికి ఎంత పరిహారం ఇవ్వాలి, ఎన్నేళ్లు ఇవ్వాలి, ఇష్టపడని రైతును ఏం చేయాలి అన్న ప్రశ్నలపై నీటి బోర్డులు, రైతు సంఘాలు, ప్రావిన్సు ప్రభుత్వాలు ఇంకా బేరసారాల్లోనే ఉన్నాయి.